కప్తాను బంగళాలో గాలి

వన్ టౌన్, విశాఖపట్నం
మార్చి 1982

బావగారు రమణమూర్తి గారికి,

శ్రీరామ్మూర్తి నమస్కారాలు. ఇక్కడ నేను బాగున్నాను. అక్కడ మీరు, అక్కయ్య నారాయణమ్మ గారు, అత్తయ్య, పద్మావతి, చంటిది అందరూ బాగున్నారని అనుకుంటున్నాను.

మంచి కబురు ఏమంటే, ఇల్లు మార్చాను. కంచరపాలెంలో మా రేకుల గది మీరు చూసిందే. ఎండాకాలంలో చంటిపిల్లని అందులో పెట్టలేం. ఇప్పుడు వన్ టౌన్‌లో హార్బరుకి ఎదురుగా కప్తాను బంగళాలో మేడమీద వాటా దొరికింది. నూరేళ్ళ పైమాటే, ఎవరో ఓడ కప్తాను కట్టించుకున్న ఇల్లు. టేకు దూలాలు, మనిషెత్తు కిటికీలు, ముందు పెద్ద వరండా. కింద ఇంటివారు ఫ్రాన్సిస్ గారు, ఆయన భార్య కృపావతి గారు ఉంటారు. మంచివాళ్ళు. పోర్టు కూడా దగ్గరే, డ్యూటీకి నడిచి వెళుతున్నాను.

అన్నిటికన్నా ముఖ్యం, ఈ ఇంట్లో గాలి ఉంది. మామూలు గాలి కాదు. దొర కాలం నుంచీ ఉందట. పగలు కొంచెం నెమ్మదిగా ఉంటుంది గాని, దీపాలు పెట్టే వేళకి లేస్తుంది. తలుపులు వాటంతట అవే కొట్టుకుంటాయి. మొన్న నా పంచె దండెం మీద నుంచి లేచి వెళ్ళి హార్బరు గోడ మీద కూర్చుంది. నిద్రలో దుప్పటి లాగేస్తుంది. ఒకసారి అలవాటు పడ్డామా, ఇంక వదిలి ఉండలేం. చంటిదానికి ఈ గాలి బాగా పడుతుంది.

ఐదో నెల రాగానే తల్లినీ పిల్లనీ పంపిస్తామన్నారు. పిల్లని బారసాలనాడు చూశాను, అంతే. ముఖం గుర్తు తెచ్చుకోవాలంటే కష్టంగా ఉంది. మంచిరోజు చూసి రాయండి. సెలవు పెట్టి వచ్చి తీసుకువెళతాను.

ఉంటాను,
శ్రీరామ్మూర్తి

తా.క. పద్మావతితో చెప్పండి, ఇక్కడ విసనకర్ర అక్కరలేదు. గాలి తనే వచ్చి పట్టుకుంటుంది.

*

బొడ్డవలస, తగరపువలస మీదుగా
మార్చి 1982

బావ శ్రీరామ్మూర్తికి,

రమణమూర్తి రాసేది. నీ ఉత్తరం వచ్చేదాకా ఇక్కడ అందరం క్షేమం.

ఉత్తరం వస్తే అరుగు మీద కూర్చుని పైకి చదవడం మా ఇంట్లో అలవాటని నీకు తెలుసు. అమ్మ, నారాయణమ్మ, పద్మావతి, పక్కింటి జోగమ్మ, తవుడు కోసం వచ్చినవాళ్ళు, అందరూ విన్నారు. గాలి ఉంది అన్నచోట నేను ఆగాను. దుప్పటి లాగేస్తుంది అన్నచోట అమ్మ గుమ్మం పట్టుకుంది. చంటిదానికి పడుతుంది అన్నచోట కూలబడిపోయింది. "గాలున్న కొంపలోకి సంటిదాన్ని తెమ్మంతన్నాడా? పడతాదని కూడా ఆడే రాత్తన్నాడా? ఆడు మనిసేనా?" అంది. ఇది నా మాట కాదు, అమ్మ మాట. నాకూ అలాగే అనిపించింది.

గాలి సోకిన మనుషుల్ని నువ్వు చూసినట్టు లేదు. జోగమ్మ కోడలికి సోకి, ఆ పిల్ల ఏడాది మంచాన పడింది. నువ్వు తీరుబడిగా, పెళ్ళిచూపుల కబురు రాసినట్టు, పగలు నెమ్మదిగా ఉంటుందనీ సందెవేళ లేస్తుందనీ రాశావు. పంచె తనంతట తను లేచి వెళ్ళి గోడ మీద కూర్చుంటే, దాన్ని చూస్తూ కూడా ఆ ఇంట్లో అన్నం వండుకు తింటున్నావు. వదిలి ఉండలేం అంటున్నావంటే నీకు అప్పుడే పట్టినట్టుంది.

గాలి లేని ఇల్లు చూసుకో. కిటికీలు లేకపోయినా మాకు అభ్యంతరం లేదు. అంతవరకూ నా చెల్లెలు ఈ గడప దాటదు.

ఇంతే సంగతులు,
రమణమూర్తి

తా.క. అమ్మ అడగమంది. ఆడదా, మగాడా?

*

వన్ టౌన్, విశాఖపట్నం
ఏప్రిల్ 1982

రమణమూర్తి బావకి,

నమస్కారం. క్షేమసమాచారాలు తరవాత.

గాలి అంటే గాలి. సముద్రం మీద నుంచి వచ్చేది. కళ్ళంలో తూర్పారపడితే పొట్టు ఎగరగొట్టేది. పుట్టినప్పటి నుంచీ వ్యవసాయం చేస్తున్నావు. గాలంటే ఏమిటో నేను పోర్టులో కూర్చుని నీకు ఉత్తరం రాసి చెప్పాలా? నేను రాసింది చెమట పట్టదని. మీకు అర్థమయింది దెయ్యం పట్టిందని. అంతమంది అరుగు మీద కూర్చుని విన్నారు కదా, ఒక్కరికైనా ఫ్యాను అనే మాట తట్టలేదా?

మీ అనుమానం తీర్చడానికి కింద ఫ్రాన్సిస్ గారిని నిలదీశాను. ఆయన పుట్టింది ఈ ఇంట్లోనే. చర్చిలో పెద్ద, అబద్ధం ఆడే మనిషి కాడు. ఆయన అన్నది ఉన్నదున్నట్టు రాస్తున్నాను, అత్తయ్యకి చదివి వినిపించు. "ఏదో అనుకుంతారు బాబూ. కప్తాను ఓడెక్కి ఎల్లి మరి రాలేదంట. దొరసాని ఆ వరండాలో నిలబడి ఆడి దారి సూసీదంట. ఇప్పుడికీ నిలబడతాదని పాతోళ్ళు అంతారు. నానైతే సూళ్ళేదు. ఉన్నా గాని అది ఎవుల్నీ ఏటీ సెయ్యదు, దాని ద్యాసంతా ఓడ మీదే" అన్నారు.

విన్నారు కదా. ఎవర్నీ ఏమీ చెయ్యదు. ఇంటివారే చెప్పాక ఇంక అనుమానం దేనికి?

ఐదో నెల వస్తోంది. రోజు చూసి రాయి. నా పిల్లని నేను ఎత్తుకోవడానికి ఊరందరి అనుమతి కావాలంటే కుదరదు.

శ్రీరామ్మూర్తి

తా.క. అత్తయ్య అడిగినదానికి జవాబు: ఆడదే. కాని లేదు.

*

బొడ్డవలస
ఏప్రిల్ 1982

బావ శ్రీరామ్మూర్తికి,

ఆడదే, కాని లేదు అని రాశావు. లేనిది ఆడదని నీకు ఎలా తెలిసింది?

మొదట గాలన్నావు. తరవాత సముద్రమన్నావు. రెండో కాగితం తిరగేసేసరికి దొరసాని బయటపడింది. ఇంకో రెండు ఉత్తరాలు రాస్తే ఇంకెవరెవరు వస్తారో తెలియదు. ఎవర్నీ ఏమీ చెయ్యదు అని ఆ ఫ్రాన్సిస్ గారు అన్నాడంటే ఉన్నట్టే కదా. మా ఇంట్లో పులి లేదు, ఉన్నా కరవదు అని ఎవరైనా అంటారా?

జోగమ్మ ఇంకో సంగతి చెప్పింది. "పిల్లల్లేకుండా సచ్చిన ఆడది సంటిదాన్ని సూత్తే ఒగ్గుతాదేటి? ఓడ మీద ద్యాసని ఆడికేటి తెలుసు?" అంది. అది విన్న దగ్గర నుంచీ అమ్మ పిల్లని చంక దింపడం లేదు. పాలకి కూడా పద్మావతి అడిగి తీసుకోవలసి వస్తోంది.

నీ మీద నాకు పగ లేదు. ఇల్లు మారవు, మొండివాడివి. అందుకని భూతవైద్యుడు వీరన్నని మాట్లాడాను. తగరపువలస నుంచి భీమిలి దాకా అతన్ని ఎరగనివాళ్ళు లేరు. ఆదివారం మొదటి బస్సుకి వస్తాడు. కోడి, నిమ్మకాయలు, వేపమండలు అన్నీ అతనే తెచ్చుకుంటాడు. నువ్వు తలుపు తియ్యి, నోరు మూసుకో. అతను వచ్చి శుభ్రమయిందని చెబితే అప్పుడు పంపకం సంగతి ఆలోచిస్తాం.

రమణమూర్తి

తా.క. వీరన్నకి ఇంగ్లీషు రాదు. దొరసాని ఏమైనా అంటే నువ్వు పక్కన ఉండి తెలుగులో చెప్పు.

*

వన్ టౌన్, విశాఖపట్నం
ఏప్రిల్ 1982

రమణమూర్తి గారికి,

బావ అని రాయడానికి చెయ్యి రావడం లేదు. నమస్కారం కూడా ఈ ఉత్తరానికి లేదు.

మీ ఉత్తరం నాకు సోమవారం అందింది. మీ వీరన్న ఆదివారమే దిగాడు. నేను డ్యూటీలో ఉన్నాను.

ఆ వేళ ఫ్రాన్సిస్ గారింటికి ఒక అతిథి వచ్చాడు. హార్బరులో ఆగిన ఓడలో ఇంజనీరు, పోలెండు దేశం మనిషి. ఆదివారం చర్చికి వచ్చిన ఓడవాళ్ళని భోజనానికి పిలవడం ఈ ఇంటి అలవాటు. చేపల పులుసు ప్యాంటు మీద ఒలికితే కృపావతి గారు అది ఉతికి ఆరేసి, ఆయనకి ఫ్రాన్సిస్ గారి లుంగీ ఇచ్చారు. ఆరడుగుల మనిషి, ఎర్ర గడ్డం, గళ్ళ లుంగీ. సిగరెట్టు కాల్చుకోడానికి మేడెక్కి, మా వరండాలో సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడు.

మీ వీరన్న మెట్లెక్కి ఆయన్ని చూశాడు.

తరవాతిది కృపావతి గారు చెప్పగా విన్నాను. వీరన్న ముందు నిమ్మకాయ విసిరాడు. ఆయన ఇదేదో ఈ దేశపు ఆటనుకుని, పట్టుకుని తిరిగి విసిరాడు. అది వెళ్ళి వీరన్న నుదుటికి తగిలింది. దాంతో వీరన్న వేపమండలు తీసి బాదడం మొదలుపెట్టాడు. "ఎవులివి? ఏటి గావాల నీకు? సెప్తావా సెప్పవా?" అని ఒకటే కేకలు. ఆయన చెబుతూనే ఉన్నాడు, వాళ్ళ భాషలో. కోడి సంచీలోంచి తప్పించుకుని కింద భోజనాల బల్ల మీద దిగింది. చివరికి వీరన్న మెట్ల మీద నుంచి దొర్లి, లేచి, బస్టాండు వైపు పరిగెత్తాడు. లుంగీ సంగతి కృపావతి గారు చెప్పలేదు, నేను అడగలేదు.

సాయంత్రం నేను గేటు తీసేసరికి ఫ్రాన్సిస్ గారు నిలబడి ఉన్నారు. "ఏటి బాబూ, మా ఇంటికొచ్చిన సుట్టాన్ని కొట్టడానికి ఊరినుంచి మనిసిని రప్పించినావేటి? మేం నీకేటి సేసినాం? వచ్చీ నెలాకరికి కాళీ సేసియ్యి" అన్నారు. ఆ పెద్దమనిషి ముందు నేను ఎక్కడ తల పెట్టుకోవాలి? ఇది భూతవైద్యమనీ, దీన్ని పంపింది నా భార్య అన్నగారనీ ఆయనకి చెప్పడం కంటే రౌడీయిజమని ఒప్పుకోవడం నయమనిపించింది.

ఊళ్ళో ఇల్లు దొరకడం ఎంత కష్టమో మీకు తెలియదు. స్టీలు ప్లాంటు పనులు మొదలైన దగ్గర నుంచీ పెందుర్తి దాకా గది లేదు. దొరికిన ఒక్క మంచి ఇల్లూ మీరు పోగొట్టారు. ఇప్పటికైనా నోళ్ళు మూసుకుని పద్మావతినీ పిల్లనీ పంపితే, వాళ్ళ ముఖం చూసి ఆయన మెత్తబడతారేమో.

శ్రీరామ్మూర్తి

తా.క. కోడి కృపావతి గారి దగ్గరే ఉంది. గుడ్డు పెట్టింది. తిరిగి పంపను.

*

బొడ్డవలస
మే 1982

శ్రీరామ్మూర్తికి,

వీరన్న వచ్చాడు. నుదుటి మీద బొప్పి ఊరందరూ చూశారు. "నిమ్మకాయకి లొంగనిదాన్ని నాను ఇంతవరకు సూళ్ళేదు. ఇది పట్టుకుని తిరిగి నా మీదకే ఇసిరింది" అని రచ్చబండ దగ్గర చెప్పుకుని ఏడ్చాడు. ఎదురుగా చూసి, దెబ్బ తిని వచ్చినవాడు ఉందంటున్నాడు. ఆ వేళ డ్యూటీలో ఉన్నవాడివి నువ్వు లేదంటున్నావు. ఎవరి మాట నమ్మాలి?

ఓడ ఇంజనీరని రాశావు. లుంగీ కట్టుకున్నాడనీ నువ్వే రాశావు. బతికున్న దొర ఎవడైనా లుంగీ కడతాడా? అదీ గళ్ళది? ఎర్ర గడ్డమట, సముద్రం వైపు చూస్తూ నిలబడ్డాడట, అడిగితే ఈ లోకం భాష కాదట. ఇంకేం కావాలి. ఓడెక్కి వెళ్ళిన కప్తాను తిరిగి వచ్చాడన్నమాట. ఇదివరకు దొరసాని ఒక్కతే, ఇప్పుడు మొగుడూ పెళ్ళాం ఇద్దరూ. వాళ్ళు కాపరం పెట్టిన ఇంట్లో మా పిల్లని కాపరానికి పంపమంటున్నావు.

నన్ను నోరు మూసుకోమన్నావు. పిల్లనిచ్చినవాళ్ళం కాబట్టి ఊరుకుంటున్నాను. ఐదో నెల నీ మాటలతోనే దాటిపోయింది. ఆరో నెలలో పంపకూడదు. ఏడో నెలకి నువ్వు వేరే ఇల్లు చూసి, ఆ ఇల్లు నేను స్వయంగా వచ్చి చూశాక, అప్పుడు మాట. పద్మావతిని అడగమంటావేమో, అక్కరలేదు. ఆడపిల్ల, దానికేం తెలుస్తుంది. వంటింట్లో కూర్చుని అంతా వింటోంది, ఒక్క మాట అనలేదు. హడలిపోయినట్టుంది.

రమణమూర్తి

తా.క. ఆ గుడ్డు ఎవరూ తినకండి.

*

వన్ టౌన్, విశాఖపట్నం
మే 1982

రమణమూర్తికి,

సరే. దెయ్యాలున్నాయి. ఇద్దరున్నారు. సాయంత్రం పూట వరండాలో కుర్చీలు వేసుకుని కూర్చుంటారు. దొర నా లుంగీలే కట్టుకుంటాడు. దొరసాని నా చేత టీ పెట్టించుకుంటుంది. పంచదార ఎక్కువయిందని దెబ్బలాడుతుంది. నీకు కావలసింది ఇదే కదా, ఇదీ అరుగు మీద కూర్చుని చదువు. జోగమ్మని ముందు వరసలో కూర్చోబెట్టు.

నెలాఖరుకి తిరిగి కంచరపాలెం రేకుల గదికి పోతున్నాను. అందులో ఏ గాలీ లేదు. మేము ముగ్గురం అందులో ఉడికి చస్తే నీ మనసు చల్లబడుతుంది.

శుక్రవారం వస్తాను. మీ ఇంట్లో మంచినీళ్ళు కూడా తాగను. వీధిలో నిలబడి పిలుస్తాను. పద్మావతి పిల్లని తీసుకుని వస్తే వచ్చింది. రాకపోతే నా కూతురికి ఒక ఫోటో తీయించి పంపు, ఆ తరవాత నీకూ నాకూ ఉత్తరాలు లేవు.

శ్రీరామ్మూర్తి

తా.క. గుడ్డు నేనే తిన్నాను.

*

కప్తాను బంగళా, వన్ టౌన్
మే 1982

అన్నయ్యకి,

పద్మావతి నమస్కారం. నేనూ చంటిదీ క్షేమంగా చేరాం. ఈ ఉత్తరం లోపలికి తీసుకువెళ్ళి, నువ్వు ఒక్కడివే కూర్చుని చదువుకో.

మీ బావ శుక్రవారం వస్తానన్నారు. వీధిలో ఆయన, గుమ్మంలో నువ్వు, మధ్య నేను, చూడడానికి ఊరు. అది నాకు ఇష్టం లేకపోయింది. అందుకని గురువారమే, నువ్వు పొలం వెళ్ళాక, పిల్లని ఎత్తుకుని బస్సెక్కాను. అమ్మకి చెప్పే వచ్చాను. "దెయ్యాలకొంపకెల్తావేటే" అంది. "ఎల్తాను" అన్నాను. అంతకంటే మాటలు జరగలేదు. అమ్మ వేరేలా చెప్పి ఉంటే నమ్మకు.

ఆయన డ్యూటీ నుంచి వచ్చి, మమ్మల్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయారు. చంటిది ఆయన్ని చూసి గుక్కపట్టి ఏడ్చింది. ఏడుపు ఆపడానికి ఆయన పడ్డ అవస్థ చూశాక, నాకు ఆయన మీద ఉన్న కోపం కొంత తగ్గింది. నీ మీద ఉన్నది తగ్గలేదు.

మీరిద్దరూ ఇన్ని ఉత్తరాలు రాసుకున్నారు. నేనేమంటున్నానో కనుక్కోమని ఆయన ఒక్కదానిలోనూ రాయలేదు. నువ్వు నన్ను అడగలేదు సరికదా, ఆడపిల్లకి ఏం తెలుస్తుందని రాసి, రాసింది నాకు వినబడేలా చదివి మరీ కవరు అంటించావు. ఏం తెలుసో ఇప్పుడు చెబుతాను.

మొదటి ఉత్తరం నువ్వు చదువుతుండగానే గాలంటే గాలేనని నాకు తెలుసు. మూడేళ్ళు ఆ రేకుల కింద ఉక్కపోతలో ఉన్నదాన్ని, గాలంటే నాకు వేరే అర్థం ఏం తోస్తుంది? చెబుదామని నోరు తెరిచాను. సరిగ్గా అప్పుడే జోగమ్మ, "ఓలమ్మో, ఆ కొంపకైతే మాం ఎవులమూ రామమ్మ" అంది. తెరిచిన నోరు మూసేశాను.

కాపరానికి వెళ్ళిన నాటి నుంచి మేమిద్దరమే కూర్చుని అన్నం తిన్న పూట లేదు. పెద్దాసుపత్రికి వచ్చినవాళ్ళు మా గదిలోనే. సింహాచలం వెళ్ళేవాళ్ళు వెళ్ళేటప్పుడు ఒకసారి, వచ్చేటప్పుడు ఒకసారి. స్టీలు ప్లాంటులో పేరు రాయించుకోడానికి వచ్చినవాళ్ళు, పేరు పిలిచేదాకా. సినిమాకి వచ్చి బస్సు తప్పిపోయినవాళ్ళు. మీ బావ పిన్ని కొడుకులు, మన మేనత్త అల్లుళ్ళు. నువ్వు పన్ను పీకించుకోడానికి వచ్చి, పన్ను ఊడాక సముద్రం చూస్తానని ఉండిపోయావు. రోజూ మెత్తగా ఉడికించిన అన్నం అడిగావు. నా వాళ్ళని ఆయన ఏమీ అనలేరు, ఆయన వాళ్ళని నేను అనకూడదు. పిల్ల కడుపులో ఉండగా, బియ్యం కడిగి ఎసట్లో వేశాక గుమ్మంలో కొత్త చెప్పులు కనబడితే, మళ్ళీ గిన్నె దించి పెద్ద గిన్నె పెట్టేదాన్ని. ఎంత చెప్పినా ఆయన, "సుట్టాలు రాకపోతే మనం మనుసులమేటి" అనేవారు. ఒక్క గది ఉన్నప్పుడు అంతమంది వస్తే, పెద్ద మేడ, హార్బరు ఎదురుగా, చల్లటి గాలి, ఇంక అడగాలా? అందుకని నేను ఒక్క మాట అనకుండా కూర్చున్నాను. హడలిపోయి కాదు.

ఇల్లు ఖాళీ చెయ్యక్కరలేదు. కృపావతి గారి దగ్గర కూర్చుని ఉన్నదున్నట్టు చెప్పాను. నవ్వుతారనుకున్నాను, నవ్వలేదు. తలుపు దగ్గరగా వేసి వచ్చి చెప్పారు. "మా అత్తమ్మ కాలంలో ఈ ఇంటికి తెల్లారితే ఎవులో ఒకలు సంచీ అట్టుకుని దిగిపోయీవోరంట. వండలేక సచ్చిపోయీదంట. ఓ రోజు సందేల, సర్చీకి కట్టీ తెల్ల సీర కట్టుకుని, జుట్టు ఇరబోసుకుని, ఆ వరండాలో కదలకుండా నిలబడిందంట. కిందనుంచి వత్తన్న సుట్టాలు గేటు కాడనించే ఎనక్కి తిరిగి ఎలిపోయినారంట. దొరసానీ లేదు, ఏటీ లేదు. మా ఆయనికి ఇప్పుడికీ తెల్దు. సెప్పకు" అన్నారు. పాపం ఫ్రాన్సిస్ గారు చిన్నప్పటి నుంచీ విన్నదే మీ బావకి చెప్పారు. ఇల్లు మాకే ఉంచమని ఆవిడ ఆయన్ని ఒప్పించారు. వీరన్న దెబ్బలాట సంగతి మరి ఎవరూ ఎత్తరు.

మీ బావకి కూడా నేను చెప్పలేదు. నీకు ఎందుకు చెబుతున్నానంటే, ఊళ్ళో ఎవరు అడిగినా నువ్వే జవాబు చెప్పాలి కాబట్టి. దెయ్యాలు ఇద్దరు. వీరన్న బొప్పి ఉండగానే చెప్పు, బాగా నమ్ముతారు. నేను ఎలా ఉంటున్నానంటే, ఏదో తాయెత్తు కట్టుకుని ఉంటోందని చెప్పు. చెప్పకపోతే, పన్ను ఊడాక కూడా నువ్వు ఇక్కడ అన్నం తిన్న రోజులన్నీ లెక్కగట్టి నేను వదినకి ఉత్తరం రాస్తాను, పైకి చదివించుకోమని.

అమ్మ వస్తే రానీ. అమ్మ వండుతుంది.

నీ చెల్లెలు,
పద్మావతి

తా.క. జోగమ్మ మేనల్లుడు అర్జునరావు స్టీలు ప్లాంటులో పని దొరికేదాకా మా ఇంట్లో ఉంటానంటున్నాడని, దెయ్యాలకి వాడు జడవడని, బస్సులో ఎవరో చెప్పారు. వద్దనకు. దారి సరిగ్గా చెప్పి పంపు. కృపావతి గారు వాళ్ళ అత్తగారి చీర పెట్టె అడుగు నుంచి తీసి ఇచ్చారు. పగటి బస్సుకి వద్దు, దీపాలు పెట్టే వేళకి దిగేలా రమ్మను.